మంగళవారం దాకా

ఆరో గని, యంత్ర శాఖ, దినచర్య పుస్తకం. రాస్తున్నది జాడి వెన్నెల, రెండో తరగతి మరమ్మతుదారు, గని కళాశాల పట్టభద్రురాలు. మా బ్యాచ్‌లో ఏడుగురం. నాది ఐదో ర్యాంకు. మిగతా ఇద్దరూ పెళ్లి పనుల్లో పడి పరీక్షకే రాలేదన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

వానకు పంతొమ్మిది రోజులు

ఈ రోజు నిర్వర్తించిన ఘనకార్యాలు. నాలుగో పంపు తెరకు అంటిన జొన్నపిండి తుడిచాను. బడి తెర మీద అక్షరాలు తలకిందులుగా వస్తున్నాయని ఫిర్యాదు వస్తే పరికరాలన్నీ మోసుకుని వెళ్లాను. అక్షరాలు సరిగానే ఉన్నాయి, తెరనే తలకిందులుగా తగిలించారు. గని నోటి దగ్గర నుంచి వాతావరణం పెన్‌డ్రైవు వచ్చింది, వాన ఇంకా పంతొమ్మిది రోజులకట. పైన నీడలో యాభై ఆరు డిగ్రీలు. అంటే నిన్నటి కంటే చల్లగా ఉంది.

మధ్యాహ్నం ఓదేలు మామ వచ్చాడు. పడమటి గోడ తవ్వే జట్టుకు మేస్త్రీ. నలభై ఏళ్లు బొగ్గుతో మాట్లాడీ మాట్లాడీ మనుషులతో కూడా గోడతో మాట్లాడినట్టే మాట్లాడతాడు, తట్టి చూసి. తువ్వాలలో చుట్టిన పెట్టె ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

"ఏంది మామా, రొట్టెలా?"

"రొట్టెలు గాదు బిడ్డా, నలభై ఇండ్లు."

విప్పితే అరచేతంత హార్డ్ డిస్కు. అరవై ఏళ్ల నాటిది. మనుషులు ఇంకా పైన ఎండలో బతికే రోజుల్లో ఈ గనిని కొలిచిన సర్వేయరుదట. తొమ్మిదో గని వాళ్లకు ఒక ఇనుప బీరువాలో దొరికితే మొన్నటి బండిలో పంపారు. పాత గని పటాలన్నీ అందులోనే ఉన్నాయట.

"ఎర్కే గదా, ఏటేట కింది వరుసల నీళ్లస్తయి," అన్నాడు మామ. "నిరుడు నడుందాక వచ్చినయి. ఈసారి కప్పుదాక వస్తయి. గా నలభై ఇండ్లోళ్లను యాడ వెట్టాలె? పడమటి గోడెనుక పాతోళ్లు తవ్విడిసిన గదులున్నయి. ఒక దిక్కు పొడిగ ఉన్నయట, ఒక దిక్కు నిండ నీళ్లున్నయట. ఎడమకు పొడుసుడా, కుడికి పొడుసుడా? తప్పు దిక్కు పొడిస్తిమా, వానదాక ఆగే పనే లేదు, గా నీళ్లే మనల కడుగుతయి."

"రేపటికల్లా పటం నీ చేతుల ఉంటది, పో మామా," అన్నాను. కళాశాలలో నేర్చుకున్న వాటిలో ఈ వాక్యం ఒకటి.

వానకు పద్దెనిమిది రోజులు

పటం మామ చేతిలో లేదు.

వానకు పదహారు రోజులు

మాకున్నది ఒకటే పెద్ద యంత్రం. ఫ్యాన్లు, పంపులు, బడి పాఠాలు, వంటశాల జాబితా అన్నీ దాని మీదే. మిగిలినవన్నీ దానికి వేలాడే తెరలు. దాన్ని నడిపే వ్యవస్థ పేరు పొత్తు. దానికి యజమాని లేడు. ప్రతి పంక్తీ ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, తప్పుంటే తిట్టవచ్చు. మా అమ్మమ్మల తరం నుంచి పదకొండు వందల మంది ఊపిరి దాని మీద నడుస్తోంది. ఇంత గర్వంగా ఎందుకు రాస్తున్నానంటే, మూడు రోజులుగా అదే యంత్రం నన్ను గేలి చేస్తోంది.

డిస్కు గుచ్చగానే దీపం వెలుగుతుంది. యంత్రం తన చిట్టాలో రాసుకుంటుంది: "కొత్త పరికరం వచ్చింది. నిల్వ పరికరం. జవాబు లేదు. మళ్లీ మొదలుపెడుతున్నాను. జవాబు లేదు. మళ్లీ మొదలుపెడుతున్నాను." ఇలా తొమ్మిది సార్లు. చివరికి: "పరికరం వెళ్లిపోయింది." ఎక్కడికి వెళ్లింది? నా ఎదురుగానే ఉంది!

వైరు మార్చాను. గుచ్చే గుంట మార్చాను. కరెంటు చాలడం లేదేమోనని విడిగా ఇచ్చాను. చెవి ఆనించి విన్నాను, లోపల చక్రం నిక్షేపంగా తిరుగుతోంది. మా శాఖ పెద్ద కొమురక్క అటుగా వెళ్తూ ఆగింది.

"ఏమంటున్నదే?"

"బతికే ఉన్న అంటున్నదక్కా."

"నీ కంటె నయం," అని వెళ్లిపోయింది. కొమురక్క మెచ్చుకోవడం ఇలాగే ఉంటుంది.

వానకు పదిహేను రోజులు

దొరికింది! తప్పు డిస్కుది కాదు, వైరుది కాదు, నాదంతకంటే కాదు.

నిల్వ పరికరంతో మాట్లాడటానికి యంత్రం లోపల డ్రైవరు అనే మధ్యవర్తి ఉంటాడు. మా పొత్తులో ఇద్దరున్నారు. కొత్త డ్రైవరు దూకుడు మనిషి, ముప్పై ప్రశ్నలు ఒకేసారి వేస్తాడు, జవాబులు ఏ వరుసలో వచ్చినా పట్టుకుంటాడు. మా పెన్‌డ్రైవులన్నీ ఆ వేగానికి అలవాటు పడ్డవే. పాత డ్రైవరు నిదానస్తుడు, ఒకటి అడిగి, జవాబు వచ్చాకే రెండోది అడుగుతాడు. ఈ అరవై ఏళ్ల డిస్కుకు నిదానస్తుడే కావాలి. మా వంటశాలలో ముప్పై మంది ఒకేసారి కంచాలు కొట్టి అరిస్తే వంటాయన గరిటె పారేసి వెళ్లిపోతాడు చూడండి, డిస్కు చేస్తున్నదీ అదే.

కాబట్టి కొత్త వాడిని పక్కకు జరిపి పాత వాడిని పిలవాలి. పిలిచాను. లేవలేదు. మళ్లీ పిలిచాను. యంత్రం మర్యాదగా చెప్పింది: "కట్టుబాట్లు, ఏడో పంక్తి."

వానకు పద్నాలుగు రోజులు

కట్టుబాట్ల ఫైలంటే మాకు మామూలు ఫైలు కాదు. యంత్ర శాఖలో చేరే రోజు ప్రతి ఒక్కరూ గని జనం ముందు నిలబడి దాన్ని పైకి చదవాలి. రెండు వందల పన్నెండు పంక్తులు. యంత్రం ఏం చేయకూడదో, ఏది మొదట లేపాలో, ఏది లేపకూడదో అన్నీ ఉంటాయి. ఏడో పంక్తి రాగానే చేతులు జోడించాలి: "పాత నిల్వ డ్రైవరును లేవనివ్వరాదు." శాఖను నిలబెట్టిన రాజలింగం సారు తన చేత్తో రాసిన ఆఖరి పంక్తి అది, మిగతావన్నీ తర్వాతి వాళ్లు చేర్చినవి. అది రాసిన మరునాడే పైకప్పు కూలి ఆయన పోయాడు. ముప్పై ఒక్క ఏళ్లయింది.

నేనూ చేతులు జోడించాను. గొంతు కూడా కాస్త వణికించాను, బాగుంటుందని. ఎందుకు లేవనివ్వరాదు అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. నా చదువు మీద నాకున్న గౌరవం ఈ ఉదయం కొంత తగ్గింది. సాయంత్రానికి కోలుకుంది.

వానకు పదమూడు రోజులు

కొమురక్క అంబలి తాగుతుండగా వెళ్లి చెప్పాను.

"అక్కా, ఏడో పంక్తి తియ్యాలె."

"ముందుగాల నీ తలకాయ తియ్యాలె."

"ఎందుకు వెట్టిండ్రో చెప్పు, ఇగ నోరు మూసుకుంట."

"సారు వెట్టిండు."

"ఎవ్వరు వెట్టిండ్రని అడగలే. ఎందుకని అడిగిన."

గ్లాసు కింద పెట్టింది. ఆమె సారు దగ్గర చేరినప్పుడు ఇరవై ఏళ్లది. ఇప్పుడు యాభై ఒకటి. ఈ గనిలో ఆమెకు తెలియని వైరు లేదు.

"నేను జేరి పది దినాలు గూడ గాలేదు అప్పటికి," అంది. "ఫ్యాన్ల కోసమే పెట్టిండని మేమందరం అనుకున్నం. పాత డ్రైవరు లేస్తె ఫ్యాన్లు ఆగుతయేమో. నీకు ఎర్కేనా ఆగయని?"

ఎర్కలేదు. శాఖ మొదటి నియమం కూడా అదే చెబుతుంది: ఎందుకు పెట్టారో తెలియని పంక్తిని తీయరాదు. మంచి నియమమే, ఎదుటివాళ్లకు వర్తించినప్పుడు.

వానకు పదకొండు రోజులు

ఓదేలు మామ జట్టు రోజుకు మీటరు చొప్పున తిన్నగా తవ్వుతోంది. అటో ఇటో తిరగాలి కానీ ఎటు తిరగాలో తెలియదు. ఆగుదామంటే వాన ఆగదు. గోడకు చెమట పట్టింది. కింది వరుస వాళ్లు అప్పుడే గిన్నెలు మూటలు కట్టుకుంటున్నారు, ఎక్కడికో తెలియకుండానే. మామ ఇల్లు ఆ వరుసలో చివరిది.

ఏడో పంక్తిని తీయడం రెండు సెకన్ల పని. అధికారం నాకుంది, మీటలు నా ముందే ఉన్నాయి. ఈ రోజు ఆ పంక్తి మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. వెనకాల ఫ్యాన్లు హోరుమంటున్నాయి. వేలు తీసేశాను. ధైర్యం చాలలేదని రాస్తే నిజం. బాధ్యత గుర్తొచ్చిందని రాస్తే అందం. రెండూ రాశాను, చదివేవారు ఏరుకోవచ్చు.

వానకు పది రోజులు

కారణం ఎక్కడికి పోయిందో తెలిసింది.

పొత్తులో పాత రూపాలు పొరలు పొరలుగా దాచే ఉంటాయి. ఒక్కొక్క పొరా విప్పుకుంటూ ఇరవై ఎనిమిదేళ్ల వెనక్కి వెళ్లాను. అక్కడ ఎవరో పొదుపరి గర్వంగా రాసుకున్నాడు: "యంత్రం చదవని వాక్యాలన్నీ తీసేశాం. చోటు కలిసొచ్చింది." అంటే మొదట్లో ప్రతి పంక్తి పక్కనా, ఎవరు, ఎందుకు, ఎప్పటిదాకా అని మనుషుల కోసం రాసిన వాక్యం ఒకటి ఉండేది. యంత్రానికి అక్కర్లేదని పీకేశారు, అంతకు ముందటి పొరలను కూడా చెరిపేశారు. కోడు అందరికీ తెరిచే ఉంచాం. కారణాన్ని మాత్రం ఊడ్చి పారేశాం.

అయితే సారు కాలంలో ఏ పంక్తినైనా ముందు కాగితం మీద రాసి, తర్వాతే యంత్రంలోకి ఎక్కించేవారు. ఆ కాగితాల పుస్తకం ఎక్కడుందో గనిలో పసిపిల్లకైనా తెలుసు. సభామందిరంలో, సారు ఫోటో కింద, అద్దాల పెట్టెలో ఉంది. ఏటా ఆయన పోయిన రోజున పెట్టె తెరిచి అట్టకు పసుపు రాస్తాం, బొట్టు పెడతాం, దండ వేస్తాం. ముప్పై ఏళ్లుగా చేయనిది ఒక్కటే. చదవలేదు.

తాళంచెవి కొమురక్క మెడలో ఉంది.

వానకు తొమ్మిది రోజులు

"సారు పుస్తకం మీద చెయ్యేస్తవా? నీకంత బలుపెక్కిందా?" అంది కొమురక్క. సభామందిరంలో, జనం చూస్తుండగా.

"చెయ్యెయ్య అక్కా. కండ్లేస్త. గంతే."

"సదువుకున్నోళ్లకు నోరే సదువు."

సరిగ్గా అప్పుడు ఓదేలు మామ వచ్చాడు, ఒళ్లంతా బొగ్గుతో. చేతిలో రేకు డబ్బా. దాన్ని ఫోటో ముందు, అగరొత్తుల పక్కన పెట్టి మూత తీశాడు. కుళ్లిన గుడ్ల కంపు మందిరమంతా కొట్టింది.

"గోడ చెమట ఇది," అన్నాడు. "కొత్త చెమ్మ గాదు కొమురక్కా. ఏండ్ల సంది మురిగిన నీళ్లు. దగ్గర్ల ఉన్నయి. ఏ దిక్కున్నయో నాకు తెల్వదు. నా చెవులకు తెల్వది, నా గడ్డపారకు తెల్వది. రేపు పొద్దుగాల నా పోరగాండ్లను ఏ దిక్కు తవ్వుమనాలె? నువ్వు చెప్పు. సారునడిగి చెప్పు."

కొమురక్క ఫోటో వైపు చూసింది, డబ్బా వైపు చూసింది. మెడలోంచి దారం తీసింది.

పసుపుకు పేజీలు అంటుకుపోయాయి. ఆమె చాకు మొనతో ఒక్కొక్కటే విడదీసింది, గాయం కట్టు విప్పినంత మెల్లగా. ఏడో పంక్తి వచ్చింది. పైకి చదవబోయి ఆగిపోయింది. పుస్తకం నా చేతికి ఇచ్చింది. సారు గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది:

"7. పాత నిల్వ డ్రైవరును లేవనివ్వరాదు. కారణం: కొత్తగా చేరిన కొమురమ్మ పాటల పెట్టె ఒకటి తెచ్చి అస్తమానం యంత్రానికి గుచ్చుతోంది. చెబితే వినదు. ఆ పెట్టె పాత డ్రైవరుతోనే పాడుతుంది. తెలివైన పిల్ల, కాస్త పని మీద మనసు పెడితే శాఖను నడుపుతుంది. మంగళవారం దాకా ఆపుతున్నాను. తర్వాత తీసేయాలి. రాజలింగం, ఆదివారం."

సోమవారం పైకప్పు కూలింది.

ముందు నవ్వింది కొమురక్కే. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ నేల మీద కూలబడింది, కొంగుతో మొహం కప్పుకుంది. ఆ తర్వాత వచ్చింది నవ్వు కాదు.

"ముప్పై ఒక్క ఏండ్లు," అంది కొంగులోంచి. "పాటల పెట్టె పనిచేస్తలేదని మూలకు పారేస్తి. ఆయన ఆపిండని నాకేమెర్క? మంగళారం తీసెటోడే."

మామ ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "శాఖను నడుపుతదన్నడు గదనే. నడిపినవు గద," అన్నాడు.

కొమురక్క కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "ఏం జూస్తున్నవే? తియ్యి పో."

వానకు ఎనిమిది రోజులు

తీసేశాను. కానీ అది సగం పనే. కొత్త డ్రైవరు దూకుడు మనిషి కదా, పాత వాడు లేచేలోపే డిస్కును లాక్కుంటాడు. కాబట్టి ఈ రకం డిస్కు జోలికి నువ్వు పోవద్దని వాడికి చెప్పే పంక్తి ఒకటి కొత్తగా రాయాలి. ప్రతి పరికరానికీ దాని రకం చెప్పే నంబరు లోపలే ఉంటుంది. దీనిది 4118. ముందు కాగితం మీద రాశాను, సారు పుస్తకంలోనే, ఆయన పంక్తుల కింద. రాశాక పైకి చదివాను. ఈసారి గొంతు వణికించలేదు.

"213. 4118 రకం డిస్కును పాత డ్రైవరే చూడాలి. కారణం: కొత్త డ్రైవరు వేగాన్ని ఇది తట్టుకోలేదు. ఎప్పటిదాకా: ఇందులోని పటాలన్నీ యంత్రంలోకి ఎక్కేదాకా. తర్వాత మొహమాటం లేకుండా తీసేయాలి. జాడి వెన్నెల."

కట్టుబాట్లను యంత్రం లేచేటప్పుడు మాత్రమే చదువుతుంది. అంటే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అంటే ఫ్యాన్లు ఆగుతాయి. నాలుగు నిమిషాలు.

సైరన్ కొట్టారు. అందరినీ కదలకుండా కూర్చోమన్నారు. కొమురక్క మీట మీద చేయి వేసి, "సారూ, ఇయ్యాల మంగళారం గాదు గని, జర సర్దుకో," అని దించింది.

నేను పుట్టినప్పటి నుంచీ ఫ్యాన్ల హోరు వింటున్నాను. అది ఆగితే గని ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎక్కడో చుక్క పడుతోంది. పై వరుసలో ఎవరిదో పసిబిడ్డ తుమ్మింది. పదకొండు వందల మంది మెల్లగా ఊపిరి తీసి వదలడం వినిపించింది, గోడల్లోంచి వచ్చినట్టు. మూడో నిమిషంలో నా చెమట కనుబొమ్మల దాకా వచ్చింది. ఐదో ర్యాంకు ఎందుకొచ్చిందో అప్పుడు గుర్తొచ్చింది: ఇలాంటి ప్రశ్నే వదిలేశాను.

నాలుగో నిమిషం. తెర మీద పొత్తు పేరు వెలిగింది. మొదటి ఫ్యాను దగ్గింది. తర్వాత రెండోది. గని మొత్తం కేకలు పెట్టింది. డిస్కు గుచ్చాను.

"కొత్త పరికరం వచ్చింది. నిల్వ పరికరం. పాత డ్రైవరు తీసుకున్నాడు."

ఒక్కో ప్రశ్న. ఒక్కో జవాబు. పటం పైనుంచి కిందికి, గీత తర్వాత గీత, ముగ్గు వేస్తున్నంత నిదానంగా వచ్చింది. కుడి దిక్కున నీళ్ల గదులు, మామ నిలబడి తవ్వుతున్న చోటికి ఆరు మీటర్లు. ఎడమ దిక్కున పొడి గదులు, పద్నాలుగు మీటర్లు. మామ తెర మీద వేలు పెట్టి ఆరు మీటర్లనూ మెల్లగా కొలిచాడు. నా తల మీద బొగ్గు చేయి పెట్టాడు. ఆ మచ్చ ఇంకా కడగలేదు. నీటి కొరత అని రాసుకున్నాను.

వానకు మూడు రోజులు

ఎడమకు పది మీటర్లు. గోడ పొడిగా ఉంది. రోజుకు రెండు మీటర్ల చొప్పున, మూడు షిఫ్టులు. డిస్కులోని మిగతా పటాలను నేను యంత్రంలోకి ఎక్కిస్తున్నాను. పాత డ్రైవరు నడకను బట్టి చూస్తే నా పెళ్లి నాటికి పూర్తవుతుంది.

వాన

ఉదయం పైనుంచి నీళ్ల చప్పుడు. అప్పటికే గోడ తెరుచుకుంది. పొడి గదుల్లో అరవై ఏళ్ల నాటి గాలి, ఎవరో వదిలేసిన టోపీ ఒకటి. నలభై ఇళ్లూ సామానుతో సహా మధ్యాహ్నానికి చేరాయి. సాయంత్రానికి కింది వరుస కప్పు దాకా మునిగింది. గిన్నె ఒక్కటి కూడా పోలేదు. మామ వాళ్ల మంచం కోడు మాత్రం విరిగింది, అది శాఖ పరిధిలోకి రాదు.

వాన తర్వాత నలభై ఒకటో రోజు

ఓదేలు మామ మోకాళ్లు ఇక గడ్డపార పనికి లేవన్నాయి. యాభై ఎనిమిదేళ్ల వయసులో యంత్ర శాఖలో చేరాడు. ఈ రోజు ప్రమాణం. కొత్త పద్ధతి ప్రకారం పంక్తితో పాటు కారణం కూడా పైకి చదవాలి. పుస్తకం ఇప్పుడు పెట్టెలో లేదు, బల్ల మీద ఉంది, అట్టకు అంబలి మరక కూడా పడింది. కారణం పోయిన పంక్తులను ఒక్కొక్కటే వెతికి రాస్తున్నాం. ఏడో పంక్తి చోట సారు మాటలు మాత్రం అలాగే ఉంచాం. మామ అవి చదువుతుంటే కొమురక్క నేల చూపులు చూసింది, సంబరంగా.

చివరికి రెండు వందల పదమూడు వచ్చింది. నేను తల ఎత్తి, గొంతు సవరించుకుని, చరిత్రలో నిలబడే భంగిమలో నిలబడ్డాను. మామ గట్టిగా చదివాడు, నా పేరు దాకా. తర్వాత కళ్లజోడు తీశాడు.

"పటాలన్నీ ఎక్కినయా బిడ్డా?"

"నిన్ననే ఎక్కినయి మామా."

"మరి గీ పంక్తి ఇంకెందుకే?"

సభ నవ్వింది. నేను సభ్యులకు వివరించబోయాను: ఒక పంక్తి స్మారకంగా ఉండవచ్చునని, తొందరేమీ లేదని, రాబోయే తరాలకు... కొమురక్క అడ్డం వచ్చింది.

"ఇయ్యాల ఏం వారమే?"

చెప్పక తప్పలేదు. "మంగళారం, అక్కా."

మామను తెర ముందు కూర్చోబెట్టాను. ఆయన బొగ్గు వేలును పట్టుకుని సరైన మీట మీద పెట్టాను. రెండు సెకన్ల పని. నా పంక్తి పోయింది.

ఆ సాయంత్రం మూలన పడి ఉన్న పాటల పెట్టెను కొమురక్క దుమ్ము దులిపి తెచ్చింది. దాని రకమూ 4118, పైగా యంత్రం మళ్లీ ఆగి లేచేదాకా నా పంక్తి లోపల నడుస్తూనే ఉంటుంది. పాత డ్రైవరు వెంటనే లేచాడు. ఒక్కో ప్రశ్న, ఒక్కో జవాబు. ముప్పై ఒక్క ఏళ్ల కిందట ఆగిన పాట ఆగిన చోటు నుంచే మొదలైంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.